టీకా వరుస, మందు వరుస

2021వ సంవత్సరము మే 21వ తేదీన నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలములోని కృష్ణపట్నమునకు వేలకొలది జనులు వచ్చి చేరిరి. ఓడరేవు వలన పేరుపొందిన ఆ ఊరికి వారు వచ్చినది ఓడల పనిమీద కాదు. ఆనందయ్య అను స్థానికుడు మూలికలతో చేసి ఉచితముగా పంచుచున్న మందు కోవిడ్ వ్యాధికి విరుగుడని విని వచ్చిరి. ఆయాసపడుచున్న రోగులను అంబులెన్సులలో తెచ్చినవారును కలరు. మనిషికి మనిషికి నడుమ జానెడు ఎడము లేని ఆ గుంపును మించి వ్యాధి వ్యాపించుటకు అనువైన చోటు ఉండదు. పంపిణీ ఆ దినముననే నిలిచిపోయెను.

ఈ సంఘటనపై ఆనాడు వ్రాతలు కుప్పలు తెప్పలుగా వెలువడినవి. వానిని రెండు తెగలుగా విడదీయవచ్చును. మొదటి తెగవారు ఇది పామరజనుల మూఢవిశ్వాసమనిరి; శాస్త్రయుగమున ఇట్టి దృశ్యము సిగ్గుచేటనిరి. రెండవ తెగవారు ఇది మన పూర్వుల విజ్ఞానమనియు, విదేశీ మందుల వ్యాపారులు దానిని అణచివేయ చూచుచున్నారనియు వాదించిరి. ఇంత భిన్నముగా కనిపించు ఈ రెండు వాదములకును ఒకే లోపము కలదు. రెండును మందును గూర్చి మాటలాడినవి. వరుసను గూర్చి మాటలాడలేదు. అదే నెలలో అదే జిల్లాలో టీకా కొరకు మరియొక వరుస ఉండెను. ఈ రెండు వరుసలను పక్కపక్కన నిలిపి చూడనిదే కృష్ణపట్నపు సంగతి అర్థము కాదు. ఆ వరుసలలో ఎవరు నిలువగలిగిరి, ఎవరు నిలువలేకపోయిరి అనునది చిన్న ప్రశ్న కాదు. ఆ నెలలో అది ప్రాణములతో ముడిపడియున్న ప్రశ్న.

ముందుగా టీకా వరుసను పరిశీలింపవలెను. భారతదేశమున కోవిడ్ టీకా కార్యక్రమము 2021 జనవరి 16న వైద్యసిబ్బందితో మొదలయ్యెను. మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 ఏండ్లు దాటి ఇతర దీర్ఘవ్యాధులున్నవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 ఏండ్లు దాటిన అందరికిని టీకా ఈయసాగిరి. ఇంతవరకు క్రమము శాస్త్రసమ్మతమైనదే. కోవిడ్ వలన మరణించు ప్రమాదము వయస్సుతోపాటు వేగముగా పెరుగును. మందు కొద్దిగా ఉన్నప్పుడు వృద్ధులకు ముందు ఇచ్చుట వలన ఎక్కువ ప్రాణములు నిలుచును. ఇక్కడ న్యాయమును గణితమును ఒకే మాట చెప్పుచున్నవి.

మే 1న ఈ క్రమము చెదిరినది. రెండవ విజృంభణ మిక్కిలి తీవ్రముగా ఉన్న కాలమది. ఆ నెల నడుమ ఆంధ్రప్రదేశములో రోజునకు 20 వేలకు పైబడి క్రొత్త కేసులు నమోదగుచుండెను. సరిగ్గా అప్పుడే 18 ఏండ్లు దాటిన అందరికిని తలుపులు తెరచి, టీకా ఉత్పత్తిలో సగము మాత్రమే కేంద్రమునకును, తక్కిన సగము రాష్ట్రములకును ప్రైవేటు ఆసుపత్రులకును అని విభజించిరి. కేంద్రము మోతాదు 150 రూపాయలకు కొన్నదానిని రాష్ట్రములు కోవిషీల్డునకు 300, కోవాగ్జినునకు 400 చొప్పున కొనవలసివచ్చెను. 18 నుండి 44 ఏండ్లవారు ముందుగా కోవిన్ అను కంప్యూటరు పట్టికలో పేరు నమోదు చేసికొని, సమయము కుదుర్చుకొని రావలెను. దానికి సెల్‌ఫోను, అందులోనికి వచ్చు ఓటీపీ, అంతర్జాల సౌకర్యము, వ్రేళ్ల చురుకుదనము కావలెను. ఆ పట్టిక జూను నెల వచ్చువరకు తెలుగున లేదు. ఒక్కసారి సమయములు తెరచుకొనగానే క్షణములలో నిండిపోవుచుండెను. పట్టణపు యువకుడు ఉదయము గది నుండి కదలకయే సమయము పట్టుకొని పల్లెలోని ఆరోగ్య కేంద్రమునకు వాహనముపై పోయి టీకా వేయించుకొని వచ్చుట దేశమున పలుచోట్ల కనబడిన దృశ్యమే. ముందు వచ్చినవానికి ముందు అను సూత్రము వినుటకు సమానముగానే ఉన్నది. పరుగు పందెములో అందరును ఒక గీత వద్దనే నిలబడిరి. కొందరి కాళ్లకు మాత్రము చెప్పులు లేవు.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు. సుప్రీంకోర్టు 2021 మే 31న ఇచ్చిన ఉత్తర్వులో 18 నుండి 44 ఏండ్లవారి విషయమున అనుసరించిన విధానము ప్రథమ దృష్టికి నిర్హేతుకముగా ఉన్నదని అభిప్రాయపడెను. సెల్‌ఫోను, అంతర్జాలము లేనివారి గతి ఏమని ప్రశ్నించెను. జూను 7న క్రొత్త విధానము ప్రకటింపబడి 21 నుండి అమలులోనికి వచ్చెను. ఉత్పత్తిలో 75 పాళ్లు కేంద్రమే కొని రాష్ట్రములకు ఉచితముగా పంపుటకు నిశ్చయించిరి. మిగిలిన 25 పాళ్లు ప్రైవేటు ఆసుపత్రులకే ఉండిపోయెను. అక్కడ కోవిషీల్డు మోతాదు గరిష్ఠ వెల 780 రూపాయలు, కోవాగ్జిను 1410 రూపాయలు. అట్టి ఆసుపత్రులు నెల్లూరు వంటి పట్టణములలో ఉండును గాని ఇసుకపల్లి వంటి పాలెములలో ఉండవు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మే నెలలో చేసిన ఒక పనిని ఇక్కడ మెచ్చుకొనక తప్పదు. యువకులకు తలుపులు తెరువుమని ఒత్తిడి ఉన్నను 45 ఏండ్లు దాటినవారికి, వారి రెండవ మోతాదునకు ముందు స్థానమిచ్చెను. పిమ్మట జూనులో ఐదేండ్లలోపు పిల్లలున్న తల్లులకు ప్రత్యేకముగా టీకా ఇప్పించెను. జూను 20న ఒక్క దినములో రాష్ట్రమంతట 13 లక్షలకు పైగా మోతాదులు వేసిరి. గ్రామ సచివాలయములు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, ఏబది ఇండ్లకొక్కరుగా ఆనాడుండిన వాలంటీర్లు లేకున్న ఇది సాధ్యమయ్యెడిది కాదు. సరకు చేరిన దినమున జనము వెనుదీయలేదని కూడ ఆ అంకె చెప్పుచున్నది. మేలో టీకా కేంద్రముల వద్ద ఉండినది అయిష్టము కాదు, కొరత.

ఇప్పుడు కృష్ణపట్నపు వరుస వద్దకు రావచ్చును. ఆ మందు పనిచేయునని నమ్ముటకు శాస్త్రమున ఆధారము ఏమియు లేకుండెను. దీనిని ఎట్లు తేల్చవలెనో విద్యార్థులు గ్రహింపదగినది. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందు లేకున్నను కోలుకొందురు. కావున వందమంది ఆ లేహ్యము తిని తొంబదియెనిమిది మంది కోలుకొనిరనుట ఏమియు నిరూపింపదు. తిననివారిలో ఎందరు కోలుకొనిరో పక్కన చూపవలెను. ఆ రెండు గుంపుల వయస్సులు, ఆరోగ్యములు ఒకే తీరుగా ఉండవలెను. ఎవరికి ఏది ఇచ్చుచున్నారో లెక్క చూచువానికి సైతము తెలియరాదు. కోవాగ్జినుకు ఇట్టి పరీక్ష జరిగినది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ చేసిన ఈ టీకాను మూడవ దశలో 25,800 మందిపై పరీక్షించి, రోగలక్షణములతో కూడిన వ్యాధిని 77.8 పాళ్లు అరికట్టునని లెక్క తేల్చిరి. మూలికల మందునకు అట్టి పరీక్ష జరుగలేదు. ఆయుర్వేద పరిశోధక మండలి పరిశీలన పిమ్మట మే 31న రాష్ట్ర ప్రభుత్వము దాని పంపిణీకి అనుమతి ఇచ్చుట అందు హాని లేదను మాటపై నిలిచినదే. వ్యాధిని నయము చేయునను మాటపై కాదు. కంటిలో వేయు చుక్కలకు ఆ దినమున అనుమతి లభింపలేదు. హాని లేకుండుట, మేలు చేయుట అను రెండింటిని ఒకటిగా చదువుకొనిన వార్తాపత్రికలు పాఠకులకు అపకారమే చేసినవి.

అయితే విమర్శ ఒక వైపునకే తిరుగరాదు. కోవాగ్జినుకు 2021 జనవరి 3న అనుమతి ఇచ్చినప్పుడు మూడవ దశ పరీక్షల ఫలితము ఇంకను వెలువడలేదు. దాని తుది లెక్క జూలై నెలలో గాని ప్రకటింపబడలేదు. టీకా మంచిదేనని పిమ్మట తేలినది. కాని ఆధారము చూపక ముందే నమ్ముమని అడిగిన ప్రభుత్వ యంత్రాంగము, ఆధారము లేని మందును నమ్మినందుకు పల్లెవాసిని నిందించుట కొంత వింతగా ఉన్నది. భేదము లేదనుట కాదు. ఒకదాని విషయమున పరీక్ష నడుచుచుండెను, ఫలితము అచ్చయినది, ఎవరైనను తప్పు పట్టవచ్చును. రెండవదాని విషయమున ఆ దారియే లేదు. ఈ భేదమును జనవరి నెలలోనే ఓపికగా వివరించి చెప్పవలసినవారు చెప్పలేదు.

ఇక వరుసల పోలిక. కృష్ణపట్నమున పేరు నమోదు అక్కరలేదు. సెల్‌ఫోను అక్కరలేదు. డబ్బు అక్కరలేదు. ఇచ్చువాడు ఊరివాడు, అతని ఇల్లు, వాకిలి, తండ్రితాతలు అందరికిని తెలిసినవారు. అడిగిన ప్రశ్నకు తెలుగున, అందును నెల్లూరు తెలుగున, జవాబు వచ్చును. ఏ లేహ్యము ఎట్లు వాడవలెనో నోటితో చెప్పుదురు. మందు సంగతి అట్లుంచి, ఈ ఏర్పాటులో ఉన్న ప్రతి గుణమును టీకా కార్యక్రమమునకు ఉండదగినదే. ఒక్క గుణము మాత్రము లేకపోయెను, అది మిక్కిలి పెద్దది: రద్దీని నివారించు ఉపాయము. ఆ వరుస కూడ ముందు వచ్చినవానికి ముందు అను సూత్రముపైననే నడచినది, దూరప్రాంతముల నుండి కారులలో వచ్చినవారు అందు చాలమంది. తిండికి కూలిపై ఆధారపడువాడు రెండు దినములు రోడ్డుపై నిలువలేడు. కనుక ప్రజలే నడిపినంత మాత్రమున వరుస న్యాయమగునని చెప్పుటకును వీలులేదు.

ప్రజల భాగస్వామ్యము అను మాట ఆనాటి ప్రభుత్వ పత్రములలో లేకపోలేదు. 2020 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన కార్యాచరణ మార్గదర్శకములను చదివిన, స్త్రీల పొదుపు సంఘములు, యువజన సంఘములు, మతపెద్దలు మున్నగువారి తోడ్పాటు ప్రస్తావింపబడినది. కాని వారు కనబడు చోటును గమనింపవలెను. వారు జనసమీకరణ అను శీర్షిక కింద కనబడుదురు: నచ్చజెప్పుట, అపోహలు తొలగించుట, పిలుచుకొని వచ్చుట వారి పని. శిబిరము ఎక్కడ, ఏ వేళ, ముందు ఎవరికి అను ప్రశ్నలు వేరొక అధ్యాయమున, అధికారుల సంఘముల కింద ఉన్నవి. ఐదుగురు సిబ్బంది, దినమునకు 100 మంది, ముందుగా నమోదైనవారికే టీకా, అక్కడికక్కడ నమోదు లేదు అనునది మొదటి ఏర్పాటు. ఈ చివరి నిబంధనను మార్చిలో 45 ఏండ్లు దాటినవారికి, మే 24న చిన్న వయస్సువారికి సడలించిరి. సడలింపు వచ్చినది మంచిదే. అది ఏ పాలెపు సంఘమునో అడిగియుండినచో మొదటి దినముననే వచ్చియుండెడిది.

ఈ పత్రమును నెల్లూరు తీరముపై పరచి చూచిన దాని చిరుగులు కనబడును. ఉత్తరమున కావలి నుండి దక్షిణమున పులికాటు సరస్సు వరకు, నాటి జిల్లా సముద్రపుటంచున, పాలెముల వరుస ఉన్నది. అక్కడి బ్రతుకు గడియారము వేరు. పడవ తెల్లవారకమునుపే పోవును. చేప వచ్చిన వేళ స్త్రీలు గంపలు ఎత్తుకొని అమ్మకమునకు పోవుదురు. ఉదయము 9 మొదలు సాయంత్రము 5 వరకు అను శిబిరపు వేళ ఉద్యోగికి అనుకూలము. ఏటా ఏప్రిల్ 15 నుండి జూను 14 వరకు తూర్పు తీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము. 61 దినములు మరపడవల మగవారు ఒడ్డుననే ఉందురు. సరిగ్గా ఆ దినములలోనే 2021లో టీకా కరువు. వేట మరల మొదలైన వారమునకు గాని సరకు సమృద్ధిగా రాలేదు. ఈ తేదీల పొందిక దైవికమే. కాని జిల్లాకు వచ్చిన కొద్ది సరకును పంచునప్పుడు వేటనిషేధ కాలమును లెక్కలోనికి తీసికొనదగునన్న ఆలోచన రావలెనన్న, లెక్క వేయువారి నడుమ పడవ ఎక్కు మనిషి ఒకడు కూర్చుండవలెను.

పాలెములకన్న యానాదుల సంగతి మరింత కష్టము. ఆంధ్రదేశమున యానాదులు అధికముగా నివసించునది నెల్లూరు ప్రాంతముననే. శ్రీహరికోట ద్వీపమున తరతరములుగా ఉండిన యానాది కుటుంబములు రాకెట్ కేంద్రము వెలసినప్పుడు తావు మారవలసివచ్చెను. చెరువు గట్టున, కాలువ పక్కన, రొయ్యల గుంటల కాపలా పాకలలో, పదియిండ్లు పదునైదిండ్లుగా వీరుందురు. పని ఉన్నచోటికి తరలిపోవుదురు. వీరి వైద్యపు మూలికల పరిజ్ఞానమును పొగడనివారు లేరు. వీరి గుడిసె వరకు మందుసీసా తీసికొనిపోవు ఏర్పాటు మాత్రము తేలిక కాదు.

ఎందుకు తేలిక కాదో సీసా లెక్క చెప్పును. కోవిషీల్డు సీసాలో 10 మోతాదులుండును. 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో దానిని ఉంచవలెను. మూత తెరచిన 4 గంటలలో వాడివేయవలెను, మిగిలినది పారవేయవలెను. ఒక కాలనీలో ఆ దినమున ఆరుగురు దొరకిరనుకొనుడు. సీసా తెరచిన నాలుగు మోతాదులు వృథా. తెరువకున్న ఆరుగురు మిగిలిపోవుదురు. 2021 జూను 8న వెలువడిన నిబంధనల ప్రకారము రాష్ట్రమునకు వచ్చు టీకా వాటాను జనాభా, వ్యాధి తీవ్రత, టీకా వేసిన వేగము నిర్ణయించును. వృథా పెరిగినకొద్ది వాటా తగ్గును. ఈ నిబంధన వ్రాసినవారి ఉద్దేశము మంచిదే, కరువులో ఒక్క చుక్క కూడ పోరాదు. కాని దాని ఫలితమును నర్సు స్థానమునుండి చూడవలెను. ఆరుగురికై సీసా తెరచిన నర్సు పై అధికారి కంటికి దోషి. ఆరుగురిని వదలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వద్ద పదిమందిని పోగుచేసిన నర్సు సమర్థురాలు. చిన్న కాలనీలకు వ్యతిరేకముగా ఎవరును ఒక్క వాక్యము వ్రాయలేదు. వాక్యము లేకయే వారు వరుస చివరకు చేరిరి. పది ఇండ్ల గుంపునకు నాలుగు మోతాదుల వృథాను ముందుగానే అనుమతించి ఉండినచో ఈ చిక్కు వచ్చెడిది కాదు. పోలియో చుక్కల కార్యక్రమములో ఇటుక బట్టీల వద్దకు, వలస కూలీల గుడారముల వద్దకు సీసాలు మోసికొనిపోయిన అనుభవము ఈ దేశమునకే ఉన్నది. దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనబడుటకు, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతమని ధ్రువీకరింపబడుటకు ఆ మోతయే పెద్ద కారణము. అక్కడ వృథాకన్న విడిచిన పిల్లవానిని పెద్ద తప్పుగా లెక్కించిరి.

2021 నవంబరులో ఇంటింటికి టీకా అను కార్యక్రమము దేశమంతట మొదలయ్యెను. అప్పటికి నూరు కోట్ల మోతాదులు పూర్తియై ఉండెను. సిబ్బంది గడప గడపకు తిరిగి, మిగిలినవారిని వెదకి వేసిరి. వారి శ్రమ గొప్పది. కాని మేలో మనిషి టీకాను వెదకుకొనుచు పోవలెను, నవంబరులో టీకా మనిషిని వెదకుకొనుచు వచ్చెను. ప్రాణాపాయము ఎక్కువగా ఉండినది మేలోనే.

భాగస్వామ్యమునకు ఈ తీరమున పునాది లేదనుకొనరాదు. పులికాటు సరస్సు చుట్టుపట్ల జాలరులలో పాడు అను ఏర్పాటు తరతరములుగా ఉన్నది. రొయ్య బాగుగా పడు చోట్లు కొన్నియే, వల వేయగోరువారు అనేకులు. అందుచే ఏ దినము ఏ చోట ఎవరు వల వేయవలెనో చీట్లు వేసికొని, వంతులుగా నిర్ణయించుకొందురు. కొరతను పంచుకొను విద్య వీరికి క్రొత్త కాదు. అట్లే తీరపు గ్రామములలో పెద్దలు కూడి విధించు కట్టుబాటునకు దురాయి అని పేరు. ఫలానా దినమున వేటకు పోరాదని దురాయి వేసిన ఒక్క పడవ కూడ కదలదు. పడమటి వైపునకు పోయిన, దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుటకు కూడిన స్త్రీలు సారా అంగడిని మూయించుట 1990వ దశకపు తొలి సంవత్సరములలో రాష్ట్రమంతట ఉద్యమమై, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసెను. ఆ జిల్లాలో పొదుపు సంఘములు బలపడినది కూడ ఆ కదలిక తరువాతనే.

అయినను ఈ సంస్థలను ఉన్నవి ఉన్నట్లు భుజమున ఎత్తుకొనుటలో ప్రమాదము కలదు. భాగస్వామ్యమును పొగడువారు తరచుగా దీనిని దాటవేయుదురు. పాడు చీట్లలో సాధారణముగా పేరుండునది ఆ కులసంఘములో సభ్యులైన మగవారికే. స్త్రీకి, పరకులస్థునికి చీటి లేదు. చీటీల పద్ధతి అందరి అవసరము సమానమైనప్పుడు న్యాయము. టీకా విషయమున డెబ్బది ఏండ్ల వృద్ధుని అవసరము, ఇరువది ఏండ్ల యువకుని అవసరము సమానము కాదు. దురాయితో జనమును శిబిరమునకు రప్పింపవచ్చును గాని టీకా వేయించుకొనుట అనునది ఇష్టపూర్వకముగా జరుగవలసిన పని. జరిమానా భయముతో చాచిన చేయి అంగీకారము కాదు. ఊరి పెద్దతో మాటలాడి ఊరితో మాటలాడితిమనుకొను అధికారికి పాలెము దొరకును, పాలెపు అంచునున్న యానాది కాలనీ దొరకదు. కావున ఎవరితో భాగస్వామ్యము అను ప్రశ్న ముందు రావలెను. జిల్లా సంఘములో చేపలమ్ము స్త్రీ, కాలనీ యానాది, ఆశా కార్యకర్త కూర్చుండి, శిబిరము తేదీని మార్చగల అధికారము కలిగి ఉండినప్పుడే ఆ పేరు సార్థకమగును. పిలుపు అందించుటకు మాత్రమే వారిని వాడుకొనిన అది దండోరా, భాగస్వామ్యము కాదు.

ఇదే లోపము ప్రపంచపు స్థాయిలోను కనబడినది. బీద దేశములకు టీకా చేర్చుటకు 2020 ఏప్రిల్‌లో ఏర్పడిన కోవాక్స్ 2021 ముగియులోగా 200 కోట్ల మోతాదులు పంచదలచెను. ధనిక దేశములు కంపెనీలతో ముందే ఒప్పందములు చేసికొని సరకును పట్టివేసెను. కోవాక్స్ ఎక్కువగా ఆశ పెట్టుకొనిన పూనా టీకాను, ఇక్కడ రోగము పెచ్చుపెరుగగా, భారతదేశము 2021 వసంతమున ఎగుమతి చేయుట ఆపినది. ఆ సంవత్సరపు చివరి నెలలలో గాని మరల పంపలేదు. వందకోటవ మోతాదు 2022 జనవరి నడుమ చేరెను. ఎవరు ఎంత కొనవలెనో నిర్ణయించిన బల్ల వద్ద ఆఫ్రికా దేశములకు చోటు లేదు, ఎట్లు పంచవలెనో వివరించు సభలకు మాత్రము ఆహ్వానము ఉండెను. కృష్ణపట్నపు పక్క పాలెమునకు, ఆఫ్రికాలోని ఒక దేశమునకు ఈ పోలిక అతిశయోక్తిగా తోచవచ్చును; వరుస వెనుకకు ఎట్లు జరుగునో చూచిన తోచదు.

చివరకు ఒక లెక్క మిగిలినది. టీకా ఎవరికి ఆలస్యముగా అందినదో అంకెలతో చూపవలెనన్న ఏమి చేయవలెను? ఒక మండలమున 40 వేల మంది వయోజనులు ఉన్నారనుకొనుడు. అందు నూటికి 95 మందికి టీకా అందినచో పట్టికలో మిగిలినవారు 2 వేలు. ఈ 2 వేల మంది అన్ని ఊళ్లలోను చెదరియున్న ప్రతి ఊర ఇరువదింట ఒకడు మిగులును. అట్లుగాక వారంతయు 200 మంది చొప్పున పది కాలనీలలో ఉన్నచో ఆ కాలనీలలో ఒక్కరికిని టీకా లేదన్నమాట. రెండు స్థితులలోను పట్టికలో అంకె ఒక్కటే. కోవిడ్ టీకా వ్యాధి సోకుటను కొంతవరకే ఆపును, ప్రాణాపాయమును మాత్రము గట్టిగా తగ్గించును. కనుక పొరుగు ఊరివారి టీకా ఆ కాలనీని కాపాడునని ధైర్యము చెప్పుటకు లేదు. కోవిన్ పట్టికలో నమోదైనది పేరు, ఆడ మగ భేదము, పుట్టిన సంవత్సరము, గుర్తింపు పత్రపు సంఖ్య. తెగ, వృత్తి, నివాసపు గుంపు అను గడులు అందు లేవు. 2021లో యానాదులకు తక్కినవారితోపాటు టీకా అందినదా, ఎన్ని నెలలు వెనుకబడినదా అనునది ఆ మహాపట్టికను ఎంత తిరుగవేసినను తేలదు.

ఏ ఊరి ఉన్నత పాఠశాలయైనను తన పరిధిలో ఒక పటము గీయవచ్చును: ఆరోగ్య ఉపకేంద్రము ఎక్కడ, దానినుండి ప్రతి పాలెము, ప్రతి కాలనీ నడకలో ఎంత సేపు, వర్షాకాలమున దారి ఉండునా, అక్కడివారు ఇంట దొరకు వేళ ఏది, 2021లో శిబిరము ఏ గోడ పక్కన పెట్టిరి. చివరి ప్రశ్నకు జవాబు ఆశా కార్యకర్తకు గుర్తుండును. కొన్ని ఏండ్లు గడచిన అదియు ఉండదు.